చప్టా మీద నామావళి

ఏన్కూరు దాటి పాల్వంచ వైపు అడవిలోకి మళ్ళే దారిలో బూరుగుబోడు అనే ఊరు ఉన్నదనీ, ఆ ఊరి ఉన్నత పాఠశాలలో ‘ప్రచార మాధ్యమాలు, రూపకల్పన కళ’ అనే కొత్త వృత్తి విద్యా కోర్సు ప్రారంభమైనదనీ ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ప్రకటన కొంచెం ఆలస్యమైన మాట నిజమే. కోర్సు మొదలైంది తొంభై ఒకటో సంవత్సరంలో. అప్పుడే చెప్పవలసింది. కాని అది సమాచారాన్ని సకాలంలో ప్రజలకు చేరవేయడం నేర్పే కోర్సు కావడం వల్ల, దాని సంగతి సకాలంలో ఎవరికీ చేరలేదు.

అంత పెద్ద కోర్సు అంత చిన్న ఊరికి ఎలా వచ్చిందని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. చాలా సూటి దారిలోనే వచ్చింది. ఊరికీ సోమ్లా తండాకీ మధ్య ఒక వాగు ఉంది. వాగు మీద ఒక చప్టా ఉంది. చప్టా అంటే వంతెన అవుదామని బయల్దేరి సగంలో మనసు మార్చుకున్న సిమెంటు బాట. వేసవిలో దాని మీద మేకలు పడుకుంటాయి. వానాకాలంలో దాని మీద నుంచి వాగు పోతుంది, వాగుతోపాటు దాదాపు ఏటా ఎవరో ఒకరు పోతారు. తండావాళ్ళు వంతెన కావాలని అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ అన్ని ఆఫీసులూ తిరిగి తిరిగి, చివరికి వంతెనలతో ఏ సంబంధమూ లేని ఒక ఆఫీసుకు చేరింది. అక్కడివాళ్ళకు తీరిక ఉంది, చదివారు.

అలా జిల్లా నుంచి వృత్తి విద్యాధికారిణి ప్రమీలారాణి గారు జీపులో దయచేశారు. ఫిబ్రవరి నెల. ఆమె చప్టా మీద నిలబడి, గొడుగు పట్టించుకుని, ఎండిపోయిన వాగును చాలాసేపు పరిశీలించి, సమస్య మూలాన్ని కనిపెట్టారు.

“మనుషులు కొట్టుకుపోవడానికి కారణం నీరు అనుకోవడం మన అజ్ఞానం,” అని సాయంత్రం సభలో ఆమె సెలవిచ్చారు. “అసలు కారణం సమాచార లోపం. వాగు పొంగిందన్న సమాచారం సరైన మాధ్యమం ద్వారా, ఆకర్షణీయమైన రూపంలో ప్రజలకు అందితే వాళ్ళు వాగులో దిగరు. దిగకపోతే కొట్టుకుపోరు. కొట్టుకుపోకపోతే వంతెనతో పనేమిటి?”

సభ చప్పట్లు కొట్టింది. వంతెన అడిగితే చదువు ఇచ్చిన ప్రభుత్వం మరెక్కడైనా ఉందా?

కోర్సు సామగ్రి ఒక ఇనప పెట్టెలో వచ్చింది. అందులో కుంచెలున్నాయి, రంగులు లేవు. తెర మీద బొమ్మలు చూపించే యంత్రం ఉంది, బడికి కరెంటు లేదు. దళసరి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. దాని మొదటి పేజీలో ఒక దొరసాని సబ్బుబిళ్ళ పట్టుకుని నవ్వుతోంది. చూసేవాడి కన్ను మొదట సబ్బు మీద పడాలా, దొరసాని మీద పడాలా అన్నది మొదటి పాఠం. పిల్లలు ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు చూశారు. రంగులు పంపమని రాస్తే, స్థానిక వనరులను వినియోగించుకోవలసిందని జవాబు వచ్చింది. దాంతో పిల్లలు ఇళ్ళ నుంచి పసుపు, నీలిమందు, సున్నం, దీపం మసి, గడపలకు పూసే ఎర్రటి జాజు తెచ్చుకుని రూపకల్పన మొదలుపెట్టారు.

పాఠం చెప్పే భారం డ్రిల్లు మాస్టారు రామ్‌చందర్ మీద పడింది. కబడ్డీ కోర్టుకు సున్నంతో గీతలు వంకర లేకుండా గీయగలగడం ఆయన అర్హత. మిగతా ఉపాధ్యాయులకు ఆపాటి అర్హత కూడా లేదు. ఆయన వరంగల్ వైపు మనిషి, మనసులో ఏమీ దాచుకోడు.

“గీత సక్కగ వస్తె సగం సదువు అయినట్టే పిల్లలూ,” అన్నాడు మొదటి రోజే. “మిగిలిన సగం ఏందో గా పుస్తకంల ఉన్నది. నాకు ఇంగ్లీషు రాదు.”

ఆ తరగతిలో తండా నుంచి వచ్చే ఆడపిల్ల హేమ్లి ఒక్కతే. తండ్రి బిచ్యా బర్రెలు కాస్తాడు. తల్లి ద్వాలి రోజూ తెల్లారేసరికి పాలక్యాను నెత్తిన పెట్టుకుని చప్టా దాటి, ఊళ్ళో ఇంటింటికీ పాలు పోస్తుంది. కిందటి వానాకాలం ద్వాలి చెల్లెలు ఆ చప్టా మీద నుంచే పోయింది. బురదనీళ్ళకు లోతు కనిపించదు. మోకాలి దాకా అనుకుని దిగితే నడుము దాకా ఉంటుంది. అప్పటి నుంచి మబ్బు పట్టినప్పుడల్లా హేమ్లికి తల్లి తిరిగి ఇల్లు చేరేదాకా ముద్ద దిగదు. ఆ పిల్ల ఈ కోర్సులో చేరింది ఉద్యోగం కోసం కాదు. ప్రమీలారాణి గారు సభలో చెప్పింది నిజమని నమ్మి చేరింది. పెద్దల మాటలు నమ్మే జబ్బు చిన్నప్పుడు చాలామందికి ఉంటుంది, వయసు మీద అదే నయమవుతుంది.

‘ప్రజలకు హెచ్చరిక’ అనే అంశం మీద ఏదైనా తయారు చేయమంటే, మిగతా పిల్లలు దొరసాని బొమ్మ వేసి కింద ‘హెచ్చరిక’ అని రాశారు. హేమ్లి జాజులో నూనె కలిపి తీసుకుపోయి, చప్టా నడుమ అంచున ఉన్న పాత రాతి స్తంభానికి మోకాలి ఎత్తున ఒక ఎర్ర పట్టీ గీసింది. అదే బొమ్మను కాగితం మీద వేసి తెచ్చింది. బొమ్మలో పట్టీ నీళ్ళలో మునిగి ఉంది, పక్కన పాలక్యాను ఒక్కటే తేలుతోంది.

“ఎర్రది మునిగితే ఆగాలె. అంతే సార్. సదువు రానోళ్ళకు గూడ ఎరుకైతది,” అంది.

ద్వాలి ఆ పట్టీని చూడగానే గ్రహించింది. “ఇది నాకు గూడ సమజైంది బిడ్డా. మరి గింత దానికి బడెందుకు?” అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్నకు సమాధానం ప్రధానోపాధ్యాయులు వెంకటరామారావు గారి దగ్గర ఉంది. ఆయన కళ్ళజోడు సవరించుకుని బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇందులో సమాచారం ఉంది. మర్యాద లేదు,” అన్నారు. “ఎవరు హెచ్చరిస్తున్నారు? ఎవరి అధ్యక్షతన? ఎవరి సౌజన్యంతో? నదురూ బెదురూ లేకుండా ఒక గీత వచ్చి ప్రజలను ఆగమంటే ప్రజలు ఎందుకు ఆగాలి? దీన్ని పెద్దల దృష్టికి తీసుకువెళ్ళి, వారి పేర్లతో ఒక బోర్డుగా సంస్కరించాలి.”

సర్పంచ్, పాఠశాల కమిటీ అధ్యక్షుడు కూడా అయిన బసవపున్నయ్య గారి దృష్టికి తీసుకువెళ్ళారు. వాళ్ళ నాన్న ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొగాకు, మిరప వేశాడు. కొడుకు వాటితోపాటు రాజకీయం కూడా వేశాడు, మూడూ బాగానే పండాయి. “బోర్డుకి టేకు పలక నేనిస్తానండీ,” అన్నాడాయన. “వంద వరదలొచ్చినా చెక్కుచెదరకూడదు.” అడవి పక్క ఊళ్ళో టేకు పలక ఎక్కడిదని అడగడం మర్యాద కాదు కనుక ఎవరూ అడగలేదు. పేరు తనది కనుక పెయింటు డబ్బాలు కూడా ఆయనే ఖమ్మం నుంచి తెప్పించాడు. స్థానిక వనరులు మళ్ళీ వంటింటికి వెళ్ళిపోయాయి.

ఇక అసలైన రూపకల్పన మొదలైంది. పలకను అడ్డంగా పెట్టాలా, నిలువుగా పెట్టాలా? అడ్డంగా పెడితే పేర్లు పక్కపక్కన వస్తాయి. పక్కపక్కన వస్తే అందరూ సమానమైపోతారు. ఈ ప్రమాదం తలుచుకుని కమిటీ సభ్యులకు చెమటలు పట్టాయి. కాబట్టి నిలువుగానే, నిచ్చెన మెట్లలాగా, హోదా ప్రకారం పై నుంచి కిందికి. తరగతికి ఆ నెలంతా అదే పాఠం. ఎవరి పేరు ఎంత లావు, ఎవరి పేరుకు ముందు ఒక శ్రీ, ఎవరికి శ్రీశ్రీ, శాసనసభ్యుల వారి పేరుకు నీడ వేస్తే మండలాధ్యక్షుల వారికి కోపం వస్తుందా రాదా. ఇంగ్లీషు పుస్తకంలో ఇవేవీ లేవు. దొరల దేశం వెనకబడింది ఇందుకేనని వెంకటరామారావు గారి అభిప్రాయం.

అన్నిటికంటే పైన శ్రీరామ అని చిన్న అక్షరాలతో రాశారు. భద్రాద్రి రాముడు ఎన్నికల్లో నిలబడడు కనుక చిన్నగా రాసినా ఏమనుకోడు. దాని కింద శాసనసభ్యుల వారి పేరు నీలం రంగులో. ఆ కింద మండలాధ్యక్షుడు రాందాస్ పేరు ఎరుపులో. ఆ కింద బసవపున్నయ్య ఆకుపచ్చలో. ఆ కింద వెంకటరామారావు, ఎం.ఏ., బి.ఇడి., పసుపులో. ఆ కింద నల్లరంగులో రామ్‌చందర్. అక్కడికి పలక ఇంచుమించు అయిపోయింది.

“సార్, అసలు ముచ్చట ఏడ రాయాలె?” అని రామ్‌చందర్ తల గోక్కున్నాడు.

“అడుగున కొంచెం స్థలముంది కదా,” అన్నారు వెంకటరామారావు గారు.

ఆ కొంచెం స్థలంలో, తెల్ల రంగుతో, ‘వాగు పొంగినప్పుడు దాటరాదు’ అని హేమ్లి చేతే రాయించారు. రాసి, ఆ పిల్ల చేయి ఎత్తింది. “సార్, నీళ్ళొస్తె ముందుగాల మునిగేది అదే గద సార్?”

“నీళ్ళు లేనప్పుడు చదివి పెట్టుకుని, వచ్చినప్పుడు జ్ఞాపకం తెచ్చుకోవాలి. విద్య అంటే అదేనమ్మా,” అన్నారాయన. విద్యకు ఇంత క్లుప్తమైన నిర్వచనం నేను మరెక్కడా చదవలేదు.

మే నెలలో ప్రారంభోత్సవం. పెద్దలు వస్తున్నారంటే ఊళ్ళో కదలనిదానికల్లా సున్నం కొట్టడం మా ఆచారం. ఆ ఆచారం ప్రకారం రాతి స్తంభానికి కూడా సున్నం కొట్టారు. హేమ్లి గీసిన ఎర్ర పట్టీ దాని కింద తెల్లగా కలిసిపోయింది. స్తంభానికి ఇరువైపులా రెండు గుంజలు పాతి, పలకను చప్టాకు ఆనించి నిలబెట్టి, బంతిపూల దండ వేశారు. మండలాధ్యక్షుడు రాందాస్ ఖమ్మం నుంచి కారులో వచ్చాడు. ఆయన పుట్టింది సోమ్లా తండాలోనే.

“నేను గీ తండా బిడ్డనే. గీ వాగుల ఈత గొట్టుకుంటనే పెద్దగైన,” అని ఉపన్యసించాడు. “ఇప్పుడు ఖమ్మంల ఇల్లు గట్టుకున్న గని నా పాణమంత గీడనే ఉన్నది. వంతెన గావాల్నని మీరు అడిగిండ్రు. ఒక్క మాట అడుగుత, జెప్పుండ్రి. వంతెన ఏం జేస్తది? మనిషిని అవుతలికి పంపుతది. గీ బోర్డు ఏం జేస్తది? మనిషిని ఆపుతది. పాణం గాపాడేది పంపుడా, ఆపుడా?”

ఆపుడే అని సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. రాందాస్ కారెక్కి, వాగు దాటకుండానే ఖమ్మం వెళ్ళిపోయాడు.

తరువాత వానలు పడ్డాయి. వాగు వచ్చింది. తెల్ల అక్షరాల హెచ్చరిక మొదటి రోజే మునిగింది. ఇక్కడ ఎవరూ ఊహించని ఒక పొరపాటు జరిగింది. ఆ పలక పనిచేయడం మొదలుపెట్టింది.

తండాలో చదువొచ్చినవాళ్ళు తక్కువ. రంగులు మాత్రం అందరికీ తెలుసు. హేమ్లి తల్లికి నేర్పింది, తల్లి తండాకంతా నేర్పింది. నల్ల వరస తడిస్తే చీర కొంచెం ఎత్తి కట్టుకుని దాటవచ్చు. పసుపు తడిస్తే మగవాళ్ళు కర్ర పట్టుకుని దాటాలి. ఆకుపచ్చ తడిసిందా, ఎంత పనున్నా ఎవరూ దిగరాదు. పేర్లూ హోదాలూ వాళ్ళకు పెద్ద లెక్క కాదు గాని, రంగుల వెనక ఎవరున్నారో తెలుసు కనుక మాట్లాడుకోవడానికి వీలుగా ఉండేది. “డ్రిల్లు సారు మునిగిండు, హెడ్మాస్టరు పొడిగనే ఉన్నడు, పోదాం పదండ్రి,” అనుకుంటూ పిల్లా జెల్లా దాటేవారు. ఆ వానాకాలం సగం గడిచినా ఒక్క ప్రాణం పోలేదు. కోర్సు చరిత్రలో జరిగిన ఒకే ఒక్క పొరపాటు ఇది. దాన్ని త్వరలోనే సరిదిద్దారు.

ఒకనాడు పుల్లమ్మ హోటల్లో బసవపున్నయ్య టీ తాగుతున్నాడు. పుల్లమ్మకు పాలు పోస్తూ ద్వాలి ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకుంటోంది.

“ఏం జెయ్యాలె అక్కా, తెల్లారంగ సర్పంచి నిండ మునిగి ఉండె. ఆయన బయిటికొచ్చేదాంక గట్టు మీద గూసున్న.”

బసవపున్నయ్య గారికి టీ పొలమారింది. “ఎవరూ? నేనా?” అన్నాడు దగ్గుతూ.

“మీరు గాదు సర్పంచి గారూ, మీ పేరు,” అని ద్వాలి ఆయన్ని ఓదార్చబోయింది. “హెడ్మాస్టరు సారైతె రోజూ మునుగుతడు. రాందాసన్నకే ఏం గాదు. ఆయన పైన ఉంటడు, సుక్క నీళ్ళు తగలయి.”

ఆ చివరి మాట లేకపోతే బసవపున్నయ్య ఊరుకునేవాడేమో. ఆ మధ్యాహ్నమే కమిటీ అత్యవసర సమావేశం జరిగింది.

“నా పేరు మీద రోజూ బురదనీళ్ళు పోతుంటే తండా అంతా గట్టున కూర్చుని చూస్తుందటండీ,” అన్నాడాయన. “రాందాసు గారు మాత్రం పొడిగా ఉంటారా? పలక ఇచ్చింది ఎవరండీ?”

ప్రజాప్రతినిధుల నామధేయాలకు జలసంపర్కం కలగకుండా పలకను వాగు గరిష్ఠ మట్టానికి పైన అమర్చవలెనని వెంకటరామారావు గారు తీర్మానం ప్రతిపాదించారు. రోజూ మునిగే పేరు తనది కూడా కనుక ఆయన ప్రతిపాదనలో మంచి ఊపు ఉంది. మరునాడే ప్రమీలారాణి గారు ప్రాక్టికల్ పరీక్షకు వస్తున్నారు కనుక ఆ రోజే పని అయిపోవాలి. వెలిసిన రంగులు మళ్ళీ దిద్దడానికి హేమ్లిని బడిలో ఉంచేశారు, పడుకోవడానికి పుల్లమ్మ ఇంట్లో ఏర్పాటు చేశారు.

“సార్, పైకెత్తితె మా యాడికి ఎట్ల ఎరుకైతది సార్?” అని హేమ్లి అడిగింది. యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

“మీ అమ్మ ఒక్కతి కోసం ఇంతమంది పెద్దల గౌరవాన్ని నీళ్ళలో నానబెట్టమంటావా?”

“పిల్ల జెప్పేదాంట్ల నిజమున్నది గద సార్,” అని రామ్‌చందర్ గొణిగాడు.

“మీరు డ్రిల్లు చూసుకోండి,” అన్నారు వెంకటరామారావు గారు. రామ్‌చందర్ డ్రిల్లు చూసుకున్నాడు.

“పోనీ తండకు పోయి జెప్పొస్త సార్,” అని ఆ పిల్ల బతిమాలింది. ముందు రంగులు పూర్తి చెయ్యమన్నారు. పూర్తయ్యేసరికి చీకటి పడింది. పాత గుంజలు తీసేసి పొడవాటి గుంజలు పాతి, పలకను మనిషి తల కంటే ఎత్తున బిగించి అందరూ ఇళ్ళకు వెళ్ళారు. ఈ సంగతి తండాకు కబురు చేయాలని ఇంకెవరికీ తోచలేదు. తోచకపోవడం వాళ్ళ తప్పు కాదు. కబురు చేయడం కోర్సులో మూడో పాఠం, తరగతి ఇంకా రెండో పాఠంలోనే ఉంది.

తెల్లారి ముసురు. పైన అడవిలో ఎక్కడో గట్టి వాన పడింది. ద్వాలి పాలక్యానుతో వాగు దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం చూసింది. ముసురులో రంగులు మాత్రమే కనిపించాయి. కొత్తగా దిద్దిన ఆకుపచ్చ నిగనిగలాడుతూ పొడిగా ఉంది. పసుపు పొడిగా ఉంది. నలుపు కూడా పొడిగానే ఉంది. ఇంత నెమ్మదైన వాగు ఈ వానాకాలంలో చూడలేదనుకుని దిగింది.

ప్రమీలారాణి గారి జీపు తొందర మీద ఉంది కనుక బడిలో అంత పొద్దున్నే పరీక్ష మొదలైంది. ‘ఉత్తమ హెచ్చరికా ఫలకం లక్షణాలను వివరించి, పటం గీయుము’ అన్నది ప్రశ్న. హేమ్లి గీస్తోంది. వాగు వైపు నుంచి అరుపులు వినిపించాయి, అందులో యాడి అన్న మాట ఉంది. ఆ పిల్ల కుంచె పడేసి పరుగెత్తింది. ప్రమీలారాణి గారు “ఆగమ్మా” అన్నారు. రామ్‌చందర్ అనుమతి అడగకుండా ఆ పిల్ల వెనకే పరుగెత్తాడు. ఆయన జీవితంలో డ్రిల్లు పనికివచ్చింది ఆ ఒక్కరోజే.

వాగు గుంజలను పెకలించేసింది. టేకు పలక నీళ్ళలో పడింది. కొట్టుకుపోతున్న ద్వాలి చేతికి అదే అందింది. పలకను కావలించుకుని వంపు దాకా పోయి, వెదురు పొదలో చిక్కుకుంది. బిచ్యా, తండావాళ్ళు తాడు వేసి లాగారు. కుడి చెయ్యి విరిగింది, ప్రాణం ఉంది. బురదలో కూర్చుని హేమ్లి తల్లి తలను ఒళ్ళో పెట్టుకుని, “నిన్ననే జెప్పొస్త అన్న, పోనియ్యలే యాడీ, నన్ను పోనియ్యలే,” అని ఏడ్చింది. ఇక్కడ కాసేపు నవ్వులాట ఆపుదాం. ఆ ఏడుపు విన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇవాళ్టికీ తగ్గలేదు, తగ్గాలని కూడా నాకు లేదు.

సరే, సభ మొదలవుతోంది, వెళ్దాం.

“హెచ్చరికా ఫలకాలు హెచ్చరిస్తాయని మాత్రమే ఇంతకాలం అనుకున్నాం,” అన్నారు ప్రమీలారాణి గారు. “బూరుగుబోడు ఫలకం అవసరమైనప్పుడు తానే స్వయంగా నీటిలో దూకి ఒక గిరిజన మహిళ ప్రాణం కాపాడింది. ప్రచార మాధ్యమాల చరిత్రలో ఇది అపూర్వం.”

ఆ వెంటనే నిర్ణయాలు జరిగిపోయాయి. ఈ కోర్సును వాగులున్న అన్ని ఊళ్ళకూ విస్తరించాలి. పలకలు విధిగా టేకువే ఉండాలి. వరద రాగానే ఊడి వచ్చేందుకు వీలుగా వాటిని వదులుగా బిగించాలి. రక్షణ ఏర్పాట్లు ఇంత సమర్థంగా ఉన్నందున వంతెన అర్జీని ఇంతటితో ముగించడమైనది. బసవపున్నయ్య గారికి దండ, వెంకటరామారావు గారికి ప్రశంసాపత్రం. పరీక్ష మధ్యలో అనుమతి లేకుండా బయటికి పరుగెత్తినందువల్ల, సమాచారాన్ని ప్రశాంతంగా స్వీకరించే లక్షణం కొరవడినందువల్ల, హేమ్లి తప్పినట్టు ప్రకటించారు.

బతికి బయటపడిన ద్వాలికి సన్మానం చేయాలని రాందాస్ పట్టుబట్టాడు. తన తండా, తన మనిషి. వాగు తగ్గాక ఒక ఆదివారం శాలువా, పూలదండ, ఫొటోగ్రాఫరుతో సహా పెద్దలంతా చప్టా దాటి తండాకు బయల్దేరారు. తండా మొదట్లో ఒక ఒర్రె, అంటే పిల్లవాగు, అడ్డం వస్తుంది. పెద్ద లోతు కాదు గాని ఎప్పుడూ బురదే. దాని మీద ఈ మధ్యనే ఒక వంతెన వెలిసింది. పెద్దలు దగ్గరికి వెళ్ళి చూశారు. వెదురు పొదలో దొరికిన టేకు పలకను బిచ్యా ఒర్రె మీద అడ్డంగా పరిచాడు. తండా పిల్లలు దాని మీద నుంచి అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. నీలం మీద ఒక కాలు, ఎరుపు మీద ఒక కాలు, ఆకుపచ్చ మీద ఒక గెంతు. పెద్దల పేర్లు తండావాళ్ళను ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు చేర్చడం అదే మొదటిసారి.

పెద్దలు ఒర్రె ఒడ్డునే ఆగారు.

“రాండ్రి సారూ, ఇరగది,” అని అవతలి ఒడ్డు నుంచి ద్వాలి కట్టు కట్టిన చెయ్యి ఊపింది. “వాగుల నన్నే మోసింది, మిమ్ముల మొయ్యదా?”

“నా పేరు మీద నేనే కాలు పెట్టాలా?” అన్నాడు బసవపున్నయ్య. “పెట్టినా, అవతలికి పోవాలంటే తరువాతి అడుగు రాందాసు గారి మీదే కదండీ పడేది?”

“ఎట్ల పడ్తది? పడనిస్తనా?” అన్నాడు రాందాస్.

పలకను బోర్లించి నడిస్తే ఎలా ఉంటుందని రామ్‌చందర్ అడిగాడు. పేర్లు బురద వైపు తిరుగుతాయని వెంకటరామారావు గారు కళ్ళెర్రజేశారు. ఒర్రెలో దిగి నడవవచ్చు, కాని పంచెలు తెల్లవి. చాలాసేపు ఆలోచించి, పలకను సగౌరవంగా అక్కడి నుంచి తొలగించాలని నిర్ణయించారు. తొలగించారు. అప్పుడు సన్మానం చేయవలసిన వాళ్ళు ఇవతల, సన్మానం పొందవలసిన మనిషి అవతల మిగిలారు. శాలువాను ద్వాలి తరఫున వెంకటరామారావు గారి భుజం మీద కప్పి ఫొటో తీసుకున్నారు. పలకను డప్పులతో ఊరేగించి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బడిలో ప్రధానోపాధ్యాయుల గది గోడకు ఎత్తున తగిలించారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. అక్కడికి ఏ వాగూ రాదు.

“మళ్ళ ఒర్రెల దిగుడేనా?” అని ద్వాలి ఒక్కతే అడిగింది. డప్పుల చప్పుడులో ఎవరికీ వినిపించలేదు.

హేమ్లి ఆ తరువాత బడికి రాలేదు. మరుసటి వానాకాలం మొదట్లో చప్టా దగ్గరికి వచ్చి, రాతి స్తంభానికి కొట్టిన సున్నం గీకి, జాజులో నూనె కలిపి, మోకాలి ఎత్తున మళ్ళీ ఆ ఎర్ర పట్టీ గీసింది. రాయి ముందు నిలబడి చూసిన రామ్‌చందర్, “గీత సక్కగొచ్చింది బిడ్డా,” అన్నాడు. ఆ గీత మీద ఎవరి పేరూ లేదు. తండావాళ్ళు ఇప్పటికీ ఎర్రది మునిగితే ఆగుతారు, తేలితే దాటుతారు. ఎవరూ పోవడం లేదు. చదువు లేనివాళ్ళు కనుక అంత సులువుగా నమ్మేశారు.

మీరూ ఎప్పుడైనా ఆ దారిన కారులో రావచ్చు. ముసురు పట్టి ఉంటుంది, నీళ్ళు గోధుమరంగులో చప్టా మీద నుంచి పోతుంటాయి. ఎర్ర పట్టీ కనిపించదు. ఎర్ర గీత మునిగింది, ఆగండని గట్టు మీద ఎవరో చేతులూపుతారు. మీరు అద్దం దించి, ఆ గీత ఎవరు గీశారని అడుగుతారు. హేమ్లి అని చెబుతాం. ఆ అమ్మాయి ఏం చదివిందని అడుగుతారు. ఇదే చదివిందని చెబుతాం. పాసయిందా అని అడుగుతారు. తప్పిందని చెబుతాం. అప్పుడు మీరు అద్దం ఎత్తుకుని, “పోనీవయ్యా,” అంటారు డ్రైవరుతో.